వాహనం అడుగున వేలాడే స్టెప్నీ: దించడానికి ఏది సులువు, కాపాడడానికి ఏది గట్టి?

పికప్‌లు, పెద్ద ఎస్‌యూవీలు, వ్యాన్లు, కొన్ని ఏడు సీట్ల కార్లలో స్టెప్నీ డిక్కీలో ఉండదు. వెనుక బంపర్‌కూ వెనుక ఇరుసుకూ మధ్య, ఛాసిస్ కింద వేలాడుతూ ఉంటుంది. లోపల మనుషులకూ సామానుకూ చోటు మిగలడం దీనివల్ల కలిగే లాభం. బదులుగా ఆ చక్రం ఏడాది పొడవునా బురదా నీరూ రాళ్ల దెబ్బలూ భరిస్తుంది, వీధిలో నిలిపిన బండి కింద దొంగ చేతికి అందుతుంది, తీరా అవసరం పడిన రోజున తుప్పు పట్టి దిగనని మొరాయిస్తుంది. దీన్ని ఎలా భద్రపరచాలని అడిగేవారిలో చాలామంది మనసులో దొంగతనమొక్కటే ఉంటుంది. దొంగకు అడ్డంగా పెట్టిన ప్రతి ఏర్పాటూ రోడ్డు పక్కన మనకూ ఎంతో కొంత అడ్డమే అవుతుంది కాబట్టి, తాళం కొనే ముందు ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేసి చూడాలి.

## ముందుగా తేల్చుకోవలసిన అంశాలు

మొదటిది దించడంలో సౌలభ్యం. పంక్చరు పడే చోటును ఎంచుకునే అవకాశం ఎవరికీ ఉండదు. చీకట్లో, వానలో, నిండా సామానున్న బండితో, తోడెవరూ లేని మనిషి ఆ చక్రాన్ని బయటికి లాగగలగాలి. పెద్ద పికప్ లేదా ఎస్‌యూవీకి చెందిన పూర్తి పరిమాణపు చక్రం టైరుతో కలిపి దాదాపు 25 నుంచి 40 కిలోల వరకు తూగుతుంది. దాన్ని దించడం కన్నా తిరిగి ఎక్కించడమే కష్టమన్న సంగతి పని మొదలుపెట్టాక గానీ చాలామందికి తెలియదు.

రెండోది, చక్రం దానంతట అది ఊడి పడకుండా ఉండడం. దొంగతనం గురించి మాట్లాడుకున్నంతగా దీని గురించి ఎవరూ మాట్లాడుకోరు గానీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అంశం ఇదే. దొంగ ఎత్తుకుపోతే నష్టం మన జేబుతో ఆగుతుంది. వేగంగా పోతున్న బండి కింద నుంచి ముప్పై కిలోల చక్రం రోడ్డు మీద పడితే వెనుక వచ్చేవారి ప్రాణాల మీదికి వస్తుంది. ఇలా పడిపోవడానికి ప్రధానంగా రెండు కారణాలు కనిపిస్తాయి: ఒకటి చక్రాన్ని వేలాడదీసే కేబుల్ తుప్పు పట్టి తెగిపోవడం, రెండోది చక్రాన్ని చివరిదాకా బిగించకుండా వదిలేయడం. వదులుగా ఉన్న చక్రం ప్రతి గతుకు దగ్గరా ఊగుతూ, తనను మోస్తున్న కేబుల్‌ను తానే ఒక్కొక్క పోగుగా తెంపుకుంటుంది.

మూడోది దొంగతనం. బండి కింద చేరిన దొంగ సాధారణంగా రెండు మార్గాల్లో ఒకటి పడతాడు: వించ్‌ను (కేబుల్‌ను చుట్టి చక్రాన్ని ఎత్తే, దించే యంత్రాన్ని) తిప్పడానికి సరిపడే కడ్డీతో చక్రాన్ని దించడం, లేదా బోల్ట్ కట్టర్‌తో కేబుల్‌ను కత్తిరించడం. మార్కెట్లో దొరికే తాళాల్లో కొన్ని మొదటి మార్గాన్ని మాత్రమే మూస్తాయి. కాబట్టి ఏ తాళాన్ని చూసినా "కేబుల్ తెగితే చక్రం ఎక్కడ ఉంటుంది?" అని అడగాలి. దీనికి వచ్చే జవాబు దొంగతనానికీ, ఊడి పడే ప్రమాదానికీ ఒకేసారి వర్తిస్తుంది.

ఇక మిగిలినవి తుప్పును తట్టుకునే గుణం, వాహనం అడుగున నేలకు మిగిలే ఎత్తు. సముద్ర తీరంలో ఉండేవారు, మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగేవారు వీటిలో మొదటిదాన్ని, కొండదారుల్లో తిరిగేవారు రెండోదాన్ని పట్టించుకోవాలి. తక్కినవారు ఇక్కడ ఎక్కువ సేపు ఆగనక్కర్లేదు.

## మీ స్టెప్నీని మోస్తున్న యంత్రాంగం ఏది?

తాళాన్ని మనం ఎంచుకుంటాం గానీ, చక్రాన్ని మోసే యంత్రాంగం బండితోనే వస్తుంది. అది మూడు రకాల్లో ఒకటై ఉంటుంది.

కేబుల్ లేదా గొలుసు వించ్. పికప్‌లు, పెద్ద ఎస్‌యూవీలలో ఎక్కువగా కనిపించేది ఇదే. జాకీ సంచిలో ఉన్న రెండు మూడు కడ్డీ ముక్కలను ఒకదానికొకటి బిగించి, బంపర్‌లోనో డిక్కీ నేలలోనో ఉన్న రంధ్రం గుండా దూర్చి, వించ్ గాడిలో కూర్చున్నదని చేతికి తెలిశాక అపసవ్య దిశలో తిప్పితే చక్రం నేలకు దిగుతుంది. చక్రం నేలను తాకాక కూడా మరికొన్ని చుట్లు తిప్పి కేబుల్‌ను వదులు చేయాలి. అప్పుడే చక్రాన్ని బయటికి లాగి, దాని నడిమి రంధ్రంలో అడ్డంగా ఉన్న బిళ్లను ఏటవాలుగా వంచి తప్పించడం కుదురుతుంది. ఎక్కించేటప్పుడు ఆ బిళ్ల రిమ్ము మీద అన్ని వైపులా సమంగా కూర్చుందో లేదో చూసుకుని సవ్య దిశలో తిప్పాలి. చాలా వించ్‌లలో బిగింపు పూర్తయ్యాక టక్కుమని శబ్దం వచ్చి కడ్డీ జారినట్టు అనిపిస్తుంది. ఆ శబ్దం రెండు మూడు సార్లు వినిపించే దాకా ఆపకూడదు. పని త్వరగా అవుతుందని కరెంటు డ్రిల్లునో గాలి తుపాకీనో వాడితే లోపలి పళ్లు విరుగుతాయి. చేత్తో తిప్పే కడ్డీకి సరిపడేలాగే వించ్‌ను తయారుచేస్తారు.

కొన్ని పికప్‌లలో కేబుల్ తెగినా చక్రం కింద పడకుండా ఆపే రెండో గొళ్లెం ఉంటుంది. దీని మేలు చెప్పనక్కర్లేదు. అయితే మట్టి, తుప్పు చేరితే ఇదే గొళ్లెం కేబుల్ బాగున్నప్పుడు కూడా చక్రాన్ని పట్టుకుని వదలదు. కడ్డీ తిరుగుతూ ఉండి, కేబుల్ వదులై, చక్రం మాత్రం పైనే ఉండిపోతే సందేహించవలసింది దీన్నే. చక్రాన్ని మళ్లీ చివరిదాకా బిగించి, కొన్ని చుట్లు వదిలి చూడాలి. రెండు మూడు సార్లకూ దిగకపోతే, ఆ చక్రం కిందనే జాకీ పెట్టి కొద్దిగా పైకి ఎత్తి గొళ్లెం విడిపించే పద్ధతిని ఆయా బండ్ల చేతిపుస్తకాలు వివరిస్తాయి. ఈ పని చేసేటప్పుడు తల గానీ చేయి గానీ చక్రం కింద ఉండకూడదు; విడిపోయినప్పుడు అది హెచ్చరిక లేకుండా పడుతుంది.

ఇనుప పంజరం. కొన్ని కార్లలో, చిన్న వ్యాన్లలో చక్రం ఒక చివర కీలున్న పంజరంలో పడుకుని ఉంటుంది. రెండో చివరను పట్టి ఉంచే కొక్కేనికి చెందిన బోల్టు తల డిక్కీ నేలలోనో వెనుక తలుపు అంచునో కనిపిస్తుంది. బోల్టును పూర్తిగా ఊడదీయకుండా వదులు చేసి, పంజరాన్ని ఒక చేత్తో కాస్త ఎత్తి కొక్కెం తప్పించి, మెల్లగా కిందికి వదలాలి. ఇందులో తెగే కేబుల్ ఉండదు, బోల్టు తల డిక్కీ లోపల ఉన్న నమూనాల్లో డిక్కీ తాళమే స్టెప్నీకీ తాళం. కానీ ఎక్కించేటప్పుడు పంజరాన్నీ చక్రాన్నీ కలిపి ఒక చేత్తో ఎత్తిపట్టి రెండో చేత్తో కొక్కెం తగిలించాలి. నడుము నొప్పి ఉన్నవారికి ఇది మూడు రకాల్లోనూ కష్టమైనది. జాకీని పంజరం కింద పెట్టి ఎత్తితే శ్రమ సగం తగ్గుతుంది.

నేరుగా బోల్టులు. కొన్ని సరకు వాహనాల్లో చక్రాన్ని ఛాసిస్‌కు బిగించిన పట్టీకి నట్లతో కట్టేస్తారు. ఊగదు, శబ్దం చేయదు, పాడయ్యే యంత్రమేదీ లేదు. విప్పాలంటే మాత్రం బండి కిందికి చేయి చాపాలి, ఆఖరి నట్టు వదిలే క్షణంలో బరువంతా మన మీద పడకుండా కింద ఏదైనా ఆసరా పెట్టుకోవాలి.

మూడింటికీ చెందిన చిక్కు మరొకటి ఉంది. స్టెప్నీని తీశాకే బండిని జాకీతో లేపాలి. జాకీ మీద నిలిచిన బండి కిందికి ఏ కారణంతోనూ దూరకూడదు. వెనుక టైరే గాలి పోయినప్పుడు మాత్రం బండి వెనుక భాగం కిందికి దిగి, నేలకు దించిన స్టెప్నీ బయటికి రావడానికి సందు చాలకపోవచ్చు. అప్పుడు చేతి బ్రేకు వేసి, ఎదురు మూలనున్న చక్రానికి రెండు వైపులా అడ్డు పెట్టి, చక్రం జారడానికి కావలసినంత మేరకే లేపి, కడ్డీ కొక్కెంతో బయటికి లాగాలి. మీ బండికి ఈ సమస్య ఉందో లేదో ఇంటి దగ్గర ఒకసారి దించి చూసుకుంటే తెలిసిపోతుంది.

## తాళాల్లో ఏది దేనికి పనికొస్తుంది

బంపర్ రంధ్రపు తాళం. కడ్డీ దూరే రంధ్రానికి తాళంచెవితో తెరిచే మూత బిగించడం. కొన్ని పికప్‌లకు కంపెనీయే ఇస్తుంది. నిలబడి తీయవచ్చు, బట్టలు మురికి కావు, కొన్ని క్షణాల పని. కడ్డీతో వచ్చిన దొంగను ఇది ఆపుతుంది. కట్టర్‌తో కింద దూరినవాడికి ఇది ఉన్నదో లేదో కూడా తెలియదు. కేబుల్ తెగితే చక్రం రోడ్డు మీదే ఉంటుంది. దీనికున్న అసలు శత్రువు దుమ్ము. రంధ్రం మూత పోగొట్టుకున్న బండిలో తాళంచెవి లోపలికి దూరని పరిస్థితి త్వరగానే వస్తుంది.

చక్రం నడిమి తాళం. చక్రం కింది వైపు నుంచి బిగించే లోహపు గిన్నె లేదా ప్రత్యేక నట్టు ఇది. దీన్ని కొనేటప్పుడు జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే బయటికి ఒకేలా కనిపించే రెండు వేర్వేరు వస్తువులు ఈ పేరుతో అమ్ముడుపోతాయి. మొదటి రకం కేబుల్ చివరి బిళ్లను కప్పి, చక్రాన్ని కేబుల్‌కు కట్టిపడేస్తుంది. కేబుల్‌ను పైభాగంలో కత్తిరిస్తే తాళంతో సహా చక్రం పోతుంది. రెండో రకంలో ఛాసిస్‌కు బిగించిన పట్టీ నుంచి ఒక బోల్టు చక్రం రంధ్రం గుండా కిందికి వచ్చి, అక్కడ ప్రత్యేక తాళంచెవితో బిగుస్తుంది; కేబుల్ ఉన్నా తెగినా చక్రం ఛాసిస్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది. రెండో రకం దొరికితే మొదటిదాని జోలికి వెళ్లనవసరం లేదని నా అభిప్రాయం. లోపం ఏమిటంటే, విప్పడానికి బండి కిందికి చేయి చాపాలి, బురదలో తాళం గాడిని వెతుక్కోవాలి. ప్రత్యేక తాళంచెవి ఇంటి బీరువాలో ఉండిపోతే దారిలో ఆ చక్రం మనదై ఉండి కూడా మనకు లేనట్టే.

గొలుసు, తాళంకప్ప. ఏ బండికైనా సరిపోయే మార్గం. గట్టిపరచిన ఉక్కుతో చేసిన 10 మి.మీ. మందం గల గొలుసు చేతి కట్టర్లకు అంత సులభంగా లొంగదు. సన్నని గొలుసు చూపుకు తప్ప పనికి రాదు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు గొలుసును పొడుగ్గా వదిలేయడం. కేబుల్ తెగినప్పుడు పొడుగు గొలుసుకు వేలాడే చక్రం రోడ్డును తాకి ఎగిరి ఇరుసుకో, ఇంధన ట్యాంకుకో తగులుతుంది, అది పూర్తిగా ఊడి పడడం కన్నా మెరుగేమీ కాదు. చక్రం రెండు మూడు వేళ్ల మందం కన్నా కిందికి జారకుండా గొలుసును కుదించి కట్టాలి. గొలుసు ఛాసిస్ అడ్డు దూలం చుట్టూ తిరగాలి గానీ బ్రేకు గొట్టాలు, కరెంటు తీగలు, సైలెన్సర్, కదిలే సస్పెన్షన్ భాగాల మీదుగా పోకూడదు. గొలుసుకు రబ్బరు గొట్టం తొడిగితే శబ్దం తగ్గుతుంది, రిమ్ము గీరుకుపోదు. తాళంకప్ప చెవి రంధ్రం కిందికి ఉంటే నీరు నిలవదు.

| ఏర్పాటు | రోడ్డు పక్కన దించడం | కడ్డీతో వచ్చిన దొంగకు | కేబుల్ తెగితే | తుప్పు బెడద |
|---|---|---|---|---|
| వించ్ మాత్రమే | సులువు | అడ్డు లేదు | చక్రం పడుతుంది (రెండో గొళ్లెం ఉంటే ఆగుతుంది) | వించ్‌కు ఎంతో అంతే |
| బంపర్ రంధ్రపు తాళం | సులువు, నిలబడే చేయవచ్చు | మంచి అడ్డు | చక్రం పడుతుంది | తాళంలో దుమ్ము చేరుతుంది |
| నడిమి తాళం, కేబుల్‌కు | కిందికి చేయి చాపాలి | మంచి అడ్డు | చక్రం పడుతుంది | మధ్యస్థం |
| నడిమి తాళం, ఛాసిస్‌కు | కిందికి చేయి చాపాలి | మంచి అడ్డు | చక్రం నిలుస్తుంది | మధ్యస్థం |
| కుదించిన గొలుసు | కష్టం, మురికి పని | మంచి అడ్డు | చక్రం కొద్దిగా జారి నిలుస్తుంది | ఎక్కువ |

పైన చెప్పిన నడిమి తాళాలు కొనే ముందు రిమ్ము సంగతి చూడాలి. ఇనుప రిమ్ముకు తగినట్టు చేసిన బిళ్ల, మందం ఎక్కువగా ఉండే అల్లాయ్ రిమ్ములో సరిగా కూర్చోకపోవచ్చు. నాలుగు చక్రాలూ అల్లాయ్‌వై, స్టెప్నీ ఒక్కటే ఇనుప రిమ్ము అయిన బండ్లలో పంక్చరైన అల్లాయ్‌ని కింద వేలాడదీయడానికి వేరే బిళ్ల అవసరమవుతుంది. సన్నని తాత్కాలిక స్టెప్నీ కోసం చేసిన చోటులో పూర్తి పరిమాణపు చక్రం పట్టదు. దాన్ని లోపలే పెట్టుకోవలసి వస్తుంది. అలాంటప్పుడు ఖాళీ కేబుల్‌ను కిందికి వేలాడనివ్వకుండా పూర్తిగా పైకి చుట్టేయాలి.

## చోటే మార్చేస్తే?

చక్రాన్ని అడుగు నుంచి తీసేసి వేరే చోట పెట్టుకోవాలనుకునేవారికి మూడు దారులున్నాయి. డిక్కీలో పెడితే దొంగ భయం, తుప్పు భయం రెండూ పోతాయి, దించడం సులువవుతుంది. చోటు పోతుంది, మరీ ముఖ్యంగా కట్టి ఉంచని చక్రం గుద్దుకున్న క్షణంలో సీట్ల మీదికి దూసుకొస్తుంది. కాబట్టి బండి నేలలోని కొక్కేలకు గట్టి పట్టీలతో కట్టగలిగితేనే ఈ పని చేయాలి. వెనుక తలుపు మీద మోయించాలంటే ఆ బరువుకు తగిన కీళ్లో, బంపర్‌కు విడిగా బిగించి పక్కకు తెరుచుకునే చట్రమో కావాలి. దీపాలు, నంబరు ప్లేటు, వెనుక చూపు అడ్డం పడకుండా చూసుకోవాలి. రాళ్లదారుల్లో తిరిగేవారికి అడుగు ఖాళీ కావడం నిజమైన లాభం, ఎందుకంటే ఏటవాలు దిగేటప్పుడు మొదట నేలకు తగిలేది ఆ వేలాడే చక్రమే. పైకప్పు మీద పెట్టడాన్ని నేను చివరి మార్గంగానే చూస్తాను. బండి గరిమనాభి పైకి జరుగుతుంది, పైకప్పు మోయగల బరువులో పెద్ద వాటా దానికే పోతుంది, ముప్పై కిలోలను తల మీదుగా దించుకోవాలి.

స్టెప్నీనే తీసేసి పంక్చరు కిట్టును నమ్ముకోవడం అన్న ఆలోచన నగరం దాటనివారికి సరిపోవచ్చు. టైరు నడిమి భాగంలో మేకు దిగితే కిట్టులోని, రంధ్రం పూడ్చే ద్రావణం పనిచేస్తుంది. పక్క గోడ కోసుకుపోతే, రిమ్ము వంగితే పనిచేయదు.

## ఎవరికి ఏది తగును

రాత్రిళ్లు బండిని వీధిలో నిలిపేవారికి ఛాసిస్‌కు బిగిసే నడిమి తాళం మొదటి ఎంపిక. అది తమ బండికి దొరకనివారు బంపర్ రంధ్రపు తాళాన్నీ కుదించిన గొలుసునూ కలిపి వాడవచ్చు. ఒకటి కడ్డీని, మరొకటి కట్టర్‌ను ఆపుతుంది. మూసిన గ్యారేజీలో నిలిపేవారు దొంగ కోసం ఖర్చు పెట్టనక్కర్లేదు. ఆ శ్రద్ధ కేబుల్ పరిస్థితి మీద పెడితే చాలు.

ఒంటరిగా ప్రయాణించేవారు, పెద్ద వయసువారు, చేతి బలం తక్కువైనవారు బంపర్ రంధ్రపు తాళంతో ఆగిపోవడం మంచిది. బండి కిందికి వంగి విప్పవలసిన ఏ తాళమూ వారికి రక్షణగా మిగలదు. సాయం చేసేవారు దొరికేదాకా అది చక్రాన్ని వారి నుంచే దాచిపెడుతుంది. ఇంట్లో ఒకరి కన్నా ఎక్కువ మంది నడిపే బండి అయితే తాళంచెవి జాకీ సంచిలో కాకుండా, బండి తాళాల గుత్తికే ఉండాలి. జాకీ సంచిలోని చెవి దొంగకూ దొరుకుతుంది.

సరకు వాహనాలకు, గతుకుల దారిలో రోజూ తిరిగేవాటికి పడిపోకుండా ఆపే రెండో ఆధారం తప్పనిసరి అనుకోవాలి. బోల్టుల యంత్రాంగం ఉన్నవారు ఒక నట్టును తాళపు నట్టుగా మార్చుకుంటే సరిపోతుంది. వించ్ ఉన్నవారు గొలుసో ఛాసిస్ తాళమో చేర్చుకోవాలి. చక్రం ఎక్కించిన ప్రతిసారీ టైరును రెండు చేతులతో గట్టిగా అటూ ఇటూ తోసి చూడాలి. ఏ మాత్రం కదిలినా విప్పి మళ్లీ బిగించాలి. కొంత దూరం ప్రయాణించాక మరోసారి చూడడం మంచిది.

ఉప్పు గాలి తగిలే చోట ఉండేవారు ఏ తాళం ఎంచుకున్నా, ఆయిల్ మార్పించిన ప్రతిసారీ చక్రాన్ని పూర్తిగా దించి, కేబుల్‌ను కడిగి, పోగులు లేచాయేమో చూసి, పలుచగా గ్రీజు పూసి మళ్లీ ఎక్కించాలి. అదే సమయంలో గాలి కూడా చూసుకోవచ్చు. సన్నని తాత్కాలిక స్టెప్నీకి సాధారణంగా 60 పీఎస్‌ఐ ఉండాలి, దాని మీద గంటకు 80 కి.మీ. దాటకూడదు. వాల్వు పైకి ఉండాలా కిందికి ఉండాలా అన్నది బండిని బట్టి మారుతుంది కనుక చేతిపుస్తకం చెప్పినట్టే పెట్టాలి. టైరు గోడ మీద DOT అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివరనున్న నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. ఒక్కసారీ వాడకపోయినా పదేళ్లు దాటిన టైరును మార్చేయాలి.

పాత బండి కొంటున్నవారు బేరం ముగియక ముందే స్టెప్నీని నేల దాకా దింపించి చూడాలి. అడుగున చక్రం కనిపించినంత మాత్రాన అది దిగుతుందని కాదు. ఇంజనూ గేర్లూ శ్రద్ధగా చూసే మెకానిక్కులు కూడా దీన్ని వదిలేస్తారు. కడ్డీ తిరగకపోతే తుప్పు విడిపించే నూనె వేసి ఒక రాత్రి ఉంచి మళ్లీ ప్రయత్నించవచ్చు. అప్పటికీ తిరగకపోయినా, కేబుల్‌లో పోగులు లేచి కనిపించినా వించ్ మొత్తాన్ని మార్పించాలి, ఆ ఖర్చును బండి ధరలో తగ్గించమని అడగాలి. కడ్డీలు, బంపర్ రంధ్రపు మూత, ప్రత్యేక తాళంచెవి బండితో పాటు వస్తున్నాయో లేదో కూడా అప్పుడే లెక్క చూసుకోవాలి. వాటిలో ఒక్కటి తగ్గినా తాళం ఎంపిక గురించి ఆలోచించే ముందు ఆ లోటే పూడ్చాలి.